ఐసీటీసీ: రక్తం కన్నా ముందు తేదీ అడిగిన గది

బిర్యానీ హోటళ్లకూ, సెల్‌ఫోన్లకూ, పళ్ల డాక్టర్లకూ సైతం ఓపిగ్గా సమీక్షలు రాసే మనవాళ్లు ప్రభుత్వ ఆస్పత్రిలోని హెచ్ఐవీ పరీక్షా కేంద్రం గురించి ఒక్క మాటైనా రాయకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. అక్కడికి వెళ్లానని రాయడమంటే ఎందుకు వెళ్లావన్న ప్రశ్నను కోరి నెత్తిన పెట్టుకోవడమే. నేను వెళ్లాను, అదీ రెండుసార్లు. రక్షణ లేని లైంగిక సంబంధం ఒకటి జరిగింది. అంతకు మించిన వివరం ఈ సమీక్షకు అవసరం లేదు, ఆ గదిలో సలహా చెప్పే కౌన్సిలర్‌కూ అవసరం కాలేదు. ఆవిడకు కావలసింది ఒక్కటే, అది ఏ రోజున జరిగిందన్నది. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ సేవకు మంచి మార్కులు వేస్తున్నాను. ఎందుకంటే అంతకుముందు డబ్బు తీసుకొని పరీక్ష చేసిన చోట ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అడగకపోవడం వల్ల నేను వారం రోజులపాటు లేని ధైర్యంతో తిరిగాను.

ఐసీటీసీ అంటే సమీకృత సలహా, పరీక్షా కేంద్రం. బోధనాసుపత్రుల్లోనూ, జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లోనూ, చాలా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఇది ఉంటుంది. తలుపు మీదో గోడ మీదో ఎర్ర రిబ్బను గుర్తు ఉంటుంది. పరీక్ష ఉచితం, డాక్టరు రాసిన చీటీతో పని లేదు, నేరుగా వెళ్లి అడగవచ్చు. ఇవన్నీ నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. తెలియక, చదువుకున్నవాళ్లలో చాలామంది చేసే పనే నేనూ చేశాను: జ్వరం వచ్చేదాకా ఆగి, జ్వరం రాగానే లక్షణాలు వెతకడం మొదలుపెట్టాను.

సంఘటన జూలై ఆఖరి వారంలో జరిగింది. పదహారో రోజున జ్వరం వచ్చింది. గొంతు నొప్పి, ఒళ్లునొప్పులు, మెడ పక్కన బిళ్ళ కట్టినట్టు చిన్న వాపు, రెండు రోజుల తర్వాత ఛాతీ మీద దద్దుర్లు. హెచ్ఐవీ సోకినవారిలో రెండు నుంచి నాలుగు వారాల మధ్య కనిపించే తొలిదశ లక్షణాల పట్టిక చదివితే నా ఒంటిని చూసి రాసినట్టే అనిపించింది. జ్వరం, గొంతు నొప్పి, తలనొప్పి, కండరాల నొప్పులు, గ్రంథుల వాపు, ఒంటి పైభాగాన పెద్దగా దురద లేని దద్దుర్లు, నోటి పుళ్లు, రాత్రిపూట పక్క తడిసేంత చెమటలు, కొందరికి విరేచనాలు. అయితే అది ఆగస్టు నెల. మా వీధిలో ఇంటికొకరు ఇవే లక్షణాలతో మంచం పట్టి ఉన్నారు, వారిలో డెంగీ తేలినవారూ ఉన్నారు. ఒకే పట్టికను వీధి మొత్తం మీద పెట్టి చూస్తే అందరికీ సరిపోతుందన్న ఇంగితం భయంలో ఉన్నవాడికి తోచదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పవలసింది ఉంది, ఎందుకంటే నన్ను తప్పుదోవ పట్టించింది ఈ పట్టికే. తొలిదశలో వచ్చే జ్వరం ఒంట్లోకి కొత్తగా చేరిన వైరస్ వేగంగా పెరుగుతున్నప్పుడు శరీరం దాని మీద తిరగబడడం వల్ల వచ్చేది. అందుకే అది ఏ ఇతర వైరల్ జ్వరానికీ తేడాగా ఉండదు. సోకిన ప్రతివారికీ అది రాదు, వచ్చినవారికి కొద్ది రోజుల్లోనో రెండు మూడు వారాల్లోనో దానంతట అదే తగ్గిపోతుంది, మాత్ర వేసుకున్నవాడు మాత్రతో తగ్గిందనుకుంటాడు. ఆ తర్వాత వచ్చేది అసలు మోసపూరితమైన దశ: చికిత్స లేకపోయినా ఏళ్ల తరబడి, కొందరిలో పదేళ్ల దాకా, మనిషి మామూలుగానే తింటూ, తిరుగుతూ, ఉద్యోగం చేస్తూ ఉంటాడు, లోపల రోగనిరోధక కణాలు మాత్రం తరిగిపోతుంటాయి. నెలకు మించిన విరేచనాలు, నెలకు మించిన జ్వరం, కారణం లేకుండా బరువు పడిపోవడం, నాలుక మీద, అంగిలి మీద తెల్లటి పూత, నడివయసు రాకుండానే సర్పి లేవడం, క్షయ పట్టుకోవడం వంటివి కనిపించేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. అంటే లక్షణాలు మొదట్లో వస్తే పోల్చుకోలేం, పోల్చుకోగలిగేవి వచ్చేసరికి చాలా కాలం గడిచిపోయి ఉంటుంది. మా చిన్నతనంలో ఊరూరా గోడల మీద ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న కనిపించేది, మేమంతా దాన్ని పట్టుకొని నవ్వుకొనేవాళ్లం. వస్తుందా రాదా అన్నది తలకెక్కింది గాని, వచ్చిందో లేదో ఎన్నో రోజున తెలుస్తుందన్నది ఎవరి తలకూ ఎక్కలేదు.

జ్వరం మొదలైన మూడు రోజులకు, అంటే సంఘటన జరిగిన పంతొమ్మిదో రోజున, మా ఊళ్లోనే ఒక ప్రైవేటు ల్యాబుకు వెళ్లాను. పేరు చెప్పను. కౌంటరు దగ్గర అమ్మాయి వయసు అడిగింది, ఫోన్ నంబరు అడిగింది, నాలుగు వందలు తీసుకొంది, రక్తం తీశారు, సాయంత్రానికి ఫోనుకు రిపోర్టు వచ్చింది: హెచ్ఐవీ ఒకటి, రెండు రకాలు, నాన్ రియాక్టివ్, అంటే పరీక్షకు ఏమీ దొరకలేదని. శుభ్రంగా, వేగంగా, మర్యాదగా జరిగింది, ఆ సేవను సేవగా మాత్రమే చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. కాని ఆ రిపోర్టుకు అర్థం లేదు. కార్డు మీద చేసే ఆ పరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, వైరస్‌కు ఎదురుగా మన రక్తంలో తయారయ్యే యాంటీబాడీలను. అవి పరీక్షకు అందేంతగా తయారు కావడానికి మనిషిని బట్టి 23 నుంచి 90 రోజుల దాకా పడుతుంది. దీన్నే విండో పీరియడ్ అంటారు. పంతొమ్మిదో రోజున ఆ కార్డు నాకు చెప్పగలిగింది ఒక్కటే, అంతకు ముందెప్పుడో నాకు హెచ్ఐవీ సోకి లేదని. రిపోర్టు అడుగున చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. చదవలేదు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకొని బతికేవాణ్ణి, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకోవడం మాత్రం తోచలేదు.

పైగా 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, పరీక్షించబోయే మనిషికి విషయం వివరించి అంగీకారం తీసుకోవాలి. ఆ అంగీకారంలో పరీక్షకు ముందూ తర్వాతా ఇచ్చే సలహా కూడా భాగమే. ఈ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నేను వెళ్లిన ల్యాబులో సంతకమూ లేదు, సలహా లేదు, ఫలితం మాత్రం ఒక మెసేజ్‌గా వచ్చింది. నాన్ రియాక్టివ్ కాబట్టి సరిపోయింది. వేరే మాట వచ్చి ఉంటే బస్సులో నిలబడి ఒంటరిగా చదువుకొని ఉండేవాణ్ణి.

జ్వరం తగ్గాక కూడా మనసులో అనుమానం చల్లారక 1097కు ఫోన్ చేశాను. ఇది హెచ్ఐవీ, ఎయిడ్స్ గురించి సలహా చెప్పే ఉచిత నంబరు. నాతో తెలుగులోనే మాట్లాడారు, పేరు అడగలేదు. అవతలి మనిషి నా జ్వరం కథ అంతా ఓపిగ్గా విని, లక్షణాలను బట్టి ఉందనీ లేదనీ చెప్పలేమనీ, ఆ రిపోర్టును పక్కన పెట్టి ఐసీటీసీకి వెళ్లమనీ చెప్పారు. ఫోను చేసి మాట్లాడడానికి నాకు మూడు రోజుల ధైర్యం కావలసి వచ్చింది, మాట్లాడింది మాత్రం ఆరేడు నిమిషాలు.

ఇరవై ఆరో రోజున, సెలవు పెట్టుకొని, పక్క జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాను. సొంత ఊళ్లో వెళ్లే ధైర్యం లేక ఇలా పక్క ఊరికి వచ్చేవారు చాలామంది ఉంటారని తర్వాత కౌన్సిలరే అన్నారు. చోటు విషయంలో ఈ సేవకు తక్కువ మార్కులే వేస్తాను. ఓపీ వరండాలో వార్డు బాయ్‌ని ఐసీటీసీ ఎక్కడని మెల్లగా అడిగితే, ‘ఎయిడ్స్ గదా బాబూ? ఇటే నేరుగా వెళ్లిపోండి’ అని వరండా అంతటికీ వినిపించేలా చెప్పాడు. పాపం అతని మనసులో ఏమీ లేదు, మందుల గది ఎక్కడని అడిగినా అదే గొంతుతో చెబుతాడు. కాని ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని చట్టం రాసుకొన్న దేశంలో ఆ గోప్యత వరండాలోనే చెదిరిపోవడం చిన్న లోపం కాదు. గది బయట రెండు బెంచీలు, అడ్డుగా ఒక పచ్చ తెర, తెర పక్కన నిలబడితే లోపలి మాటలు సగం వినిపిస్తాయి. పేరు పెట్టి గట్టిగా పిలుస్తున్నారు. నంబరుతో పిలిస్తే పోయేదేమీ లేదు.

బెంచీ మీద నాతో పాటు కూర్చున్నవారిని చూస్తే మాత్రం నా ఊహ తారుమారైంది. నేననుకొన్న రకం మనుషులు ఎవరూ లేరు. ఎక్కువమంది గర్భిణులు, చేతిలో తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే ఎంసీపీ కార్డులు, పక్కన అత్తగార్లు. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపగలిగే చికిత్స ఉంది కాబట్టి గర్భం నిర్ధారణ కాగానే ప్రతివారినీ ఈ పరీక్షకు పంపుతారు. మాస్కు కట్టుకొన్న ముసలాయన ఒకరు క్షయ విభాగం నుంచి వచ్చారు. క్షయ తేలిన ప్రతివారికీ హెచ్ఐవీ పరీక్ష చేయడం నియమం, ఎందుకంటే ఆ రెండూ ఒకదానికొకటి తోడు నడిచే జబ్బులు. చర్మ, సుఖవ్యాధుల ఓపీ నుంచి చీటీ పట్టుకొచ్చిన కుర్రాడొకడు. గనేరియా, సవాయి (సిఫిలిస్) వంటిది ఏది సోకినా, అది వచ్చిన దారినే హెచ్ఐవీ కూడా వచ్చి ఉండవచ్చు గనుక అతన్నీ పంపారు. ఎవరు ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలన్న ప్రశ్నకు నేను చదివిన వ్యాసాలన్నిటికన్నా ఆ బెంచీ స్పష్టంగా జవాబు చెప్పింది. వారిలో ఎవరూ లక్షణాలు చూసుకొని వచ్చినవారు కారు.

లోపల కౌన్సిలర్ యాభై దాటిన మనిషి. కుర్చీ చూపించి, ‘ఏం లేదండీ, భయపడకండి’ వంటి మాటలేవీ చెప్పకుండా, ‘ఏ రోజున జరిగిందో గుర్తుందా అండీ?’ అని అడిగారు. నేను జ్వరం గురించి మొదలుపెడితే మధ్యలో ఆపి మళ్లీ తేదీ దగ్గరికే తెచ్చారు. నేను చెప్పిన తేదీని ఒక చిత్తు కాగితం మీద రాసి, దాని కింద మూడు అంకెలు వేశారు: 72 గంటలు, 45 రోజులు, 90 రోజులు. ఈ మూడు అంకెలే నేను అక్కడి నుంచి తెచ్చుకొన్నది.

మొదటిదాన్ని ఆవిడే కొట్టేశారు. సంఘటన జరిగిన 72 గంటల్లోపు, వీలైతే మొదటి కొద్ది గంటల్లోనే, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ ఒంట్లో స్థిరపడకుండా చాలావరకు ఆపవచ్చు. దీన్ని పెప్ అంటారు. సూది గుచ్చుకొన్న ఆస్పత్రి సిబ్బందికీ, అత్యాచార బాధితులకూ ప్రధానంగా ఇచ్చే చికిత్స ఇది. నా వంటివారికి ఇవ్వాలా వద్దా అన్నది ప్రమాదాన్ని అంచనా వేసి వైద్యుడు నిర్ణయిస్తారు, కాని ఆ నిర్ణయం అడగడానికైనా మనిషి ఆ గడువులో క్యాజువాల్టీకి వెళ్లి ఉండాలి. నేను ఆ మూడు రోజులూ దేవుడికి మొక్కుకొంటూ గడిపాను. లక్షణాల కోసం ఎదురు చూడడంలో ఉన్న అసలు నష్టం ఇదేనని అప్పుడు అర్థమైంది: లక్షణం వచ్చేది సాధారణంగా రెండు వారాలకు, ఆ మందు పనిచేసే గడువు మూడు రోజులకే తీరిపోతుంది.

రెండో అంకె గురించి ఆవిడ నిజాయతీగా మాట్లాడారు. ఐసీటీసీలో ఉండే త్వరిత కిట్లు యాంటీబాడీల కోసమే. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష యాంటీబాడీలతో పాటు వైరస్ తాలూకు పీ24 అనే ప్రోటీన్‌ను కూడా పట్టుకొంటుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల మధ్య తేల్చగలదు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్షకు 10 నుంచి 33 రోజులు చాలు గాని, అది ఖరీదైనది, ఇలాంటి సందర్భాల్లో మామూలుగా చేసేది కాదు. అంటే జ్వరంతో ఉన్న రోజున నేను అడగవలసింది కార్డు పరీక్ష కాదు. ఆ రోజున కూడా నాలుగో తరం పరీక్షలో ‘ఉంది’ అని వస్తే దానికి విలువ ఉండేది, ‘లేదు’ అని వస్తే మళ్లీ రావలసిందే. ఈ తేడా ఐసీటీసీ గోడల మీద ఎక్కడా రాసి లేదు. కండోమ్ వాడండి, దోమకాటుతో రాదు, కలిసి తింటే రాదు అన్న పాత బొమ్మలే ఉన్నాయి. అవి తప్పని కాదు, ఆ గదిలోకి వచ్చినవాడికి వాటికన్నా ముందు కావలసింది రోజుల పట్టిక.

రక్తం ఇవ్వడానికి ముందే, ఒకవేళ ఉందని తేలితే ఏమవుతుందో ఆవిడ చెప్పారు. మొదటి కిట్‌లో రియాక్టివ్ వచ్చినంత మాత్రాన ఎవరికీ ఏమీ చెప్పరు. వేర్వేరు రకాల మరో రెండు కిట్లతో చేసి, మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్ అంటారు. తేలినవారిని హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌కు పంపుతారు, మన దేశంలో ఆ మందులు 2004 ఏప్రిల్ నుంచి ఉచితం, 2017 నుంచి రోగనిరోధక కణాల లెక్క ఎంత ఉన్నా తేలిన వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకే మాత్ర. దాన్ని మానకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచినవారి నుంచి లైంగికంగా మరొకరికి సోకదు. ఈ చివరి మాట నాకు అంతకుముందు తెలియదు. తెలిశాక భయం పోలేదు గాని, దాని ఆకారం మారింది. ఆ రోజు రిపోర్టు గంటలోపే చేతికిచ్చారు, నాన్ రియాక్టివ్. అయితే ల్యాబులో లాగా కాగితం ఇచ్చి పంపలేదు, దీన్ని నమ్ముకొని నిశ్చింతగా ఉండవద్దనీ, 90 రోజులు నిండాక రమ్మనీ, ఈలోగా కండోమ్ తప్పనిసరి అనీ, రక్తదానం చేయవద్దనీ చెప్పి, సవాయి పరీక్షకు పక్కనున్న, సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు పంపారు.

నేను ఆగలేక నలభై ఆరో రోజున మరో ల్యాబులో నాలుగో తరం పరీక్ష చేయించుకొన్నాను. అదీ నాన్ రియాక్టివే, దానితో చాలావరకు తేలిపోయినట్టే. అయినా అక్టోబరు ఆఖరున, తొంభై మూడో రోజున, మళ్లీ ఆ తెర ముందుకు వెళ్లాను. ఈసారి కూడా పేరు పెట్టే పిలిచారు. కిట్ల కొరత వల్ల ఒక గంట ఆలస్యం జరిగింది, ఎవరూ కారణం చెప్పలేదు. పని వేళలు కూడా ఉద్యోగస్తులకు అనువుగా లేవు. ఉదయం ఓపీతో పాటు తెరిచి సాయంత్రానికి ముందే మూసే గదికి రావాలంటే సెలవు పెట్టాలి, సెలవు పెట్టాలంటే కారణం రాయాలి. వారానికి ఒక సాయంత్రం తెరిచినా ఎందరికో మేలు. సేవకు ఐదుకు నాలుగున్నర, చోటుకూ వేళలకూ రెండు వేస్తాను.

రిపోర్టు చేతికిస్తూ కౌన్సిలర్ పాత కాగితం తీసి తేదీలు సరిచూసుకొన్నారు. మళ్లీ ఎప్పుడైనా రావాలా అని అడిగాను.

‘మధ్యలో మళ్లీ ఏమైనా జరిగిందా అండీ?’

లేదన్నాను.

‘అయితే అక్కర్లేదు’ అని, బయట కూర్చున్న గర్భిణిని పిలిచారు.